అమానతు పెట్టిన బండి

బోనాలకని ఊరికి పోయిన మా పెద్దమ్మ అక్కడే కన్నుమూసింది. ఊరి నుంచి అన్న ఫోన్ చేసి చెప్పగానే ఆమె ఉడికించిన శనగలమ్మే గుడాల బండి మీది ఆవిరే కళ్ల ముందుకొచ్చింది.

మీరు ఈ మరమగ్గాల బస్తీ లింబాయత్‌లో రాత్రి పాళీ చేసినవాళ్లయితే ఆ ఆవిరి మీకూ తెలిసి ఉంటుంది. మగ్గాల చప్పుడు చెవుల్లో తిరుగుతుండగా, సగం నిద్రలోనే ఆమె దగ్గరికి నడిచేవాళ్లం. ఆవిరి వెనక ఆమె కనిపించీ కనిపించనట్టుండేది. గుడాల మీద ఉల్లిగడ్డ చల్లి ఇస్తూ, "జర నిమ్మళంగ తిను, మిషను యాడికి పోదు" అనేది. అమ్మ పోయాక నన్ను కూర్చోబెట్టి తినిపించింది ఆమే.

రోడ్డు మీది బండ్లను ఎత్తుకుపోయే మున్సిపాలిటీ లారీని ఇక్కడ దబాణ్ బండి అంటారు. ఒకసారి దానికి పెద్దమ్మ బండి దొరికింది. జప్తు బండ్లు పెట్టే మున్సిపాలిటీ గోదాముకు పోయి విడిపించుకొచ్చి, తిట్లు మొదలుపెడుతుందనుకుంటే, "మంచి జాగ ఉందిరా ఆడ. గోడుంది, గేటుంది, మనిషున్నడు" అంది.

ఆ ఏడు ఊరికి పోతూ బండిని తానే తోసుకెళ్లి ఆ గోదాములో అప్పగించింది. నాకు ఒళ్లు మండింది. ఆ బండి పోతే ఆమెకు వేరే బతుకుదెరువు లేదు.

"పిల్లిని పాలకు కాపలా పెట్టినట్టుంది పెద్దమ్మా. నీకేమన్న మతి పోయిందా?"

"వాళ్లు గుంజుకపోతే జప్తు. నేను నమ్మి దాచమని చేతిల పెడితే అమానతు. అమానతు ఎవ్వడు తినడు బిడ్డా."

తిరిగొచ్చాక బండి దక్కింది. చక్రాలకు నూనె పెట్టారంటే నమ్మక తోసి చూశాను. నిజంగానే కిర్రుమనలేదు. అప్పటినుంచి ప్రతి ఏడూ అదే తంతు. లారీ కనబడితే మాత్రం అందరితోపాటు ఆమే ముందు పరుగెత్తేది. లారీ సంగతి లారీదే, గోదాము సంగతి గోదాముదే.

నిన్న బండి తెచ్చుకుందామని గోదాముకు పోయాను. సన్నగా వాన. జప్తు చేసిన బండ్లన్నీ ఒకదానిమీద ఒకటి పడి తడుస్తున్నాయి. పెద్దమ్మది ఒక్కటే కాపలా గది రేకు కింద, పట్టా కప్పుకుని ఉంది. ముసలి కాపలాదారు నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ పెద్దమ్మ వచ్చిందా అని అడిగాడు.

"మాసీ ఆ గయీ?"

ఆమె పోయిందని చెప్పాలనుకునే పోయాను. తీరా ఇంకా రాలేదన్నాను.

ఆయన తలూపి, గాలికి లేచిన పట్టా అంచును మళ్లీ కిందికి లాగి, తాడుతో బండికి కట్టాడు.