చెవి కొరికిన నోటికి డాక్టరు

సేత్తూరు బొమ్మక్కకు చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. రాజపాళయం వెళ్ళే బస్సులో ఒంటికి రాసుకుంటూ నిలబడ్డ ఒక పెద్దమనిషిని సద్ది క్యారియరుతో ముఖం మీద కొడితే అతని కనుబొమ చీలి కుట్లు పడ్డాయి. చెరకు తోటలో దిగిన అడవిపంది ఆమె పార దెబ్బకు గట్టు ఎక్కలేక కాలవలోనే పడి చచ్చింది. ఊళ్ళో అందరూ చెప్పే సంగతులివి. బొమ్మక్కను అడిగితే పంది విషయం మాత్రం ఒప్పుకునేది కాదు. "అది ముసలిది, ఎట్టయినా చచ్చేదే" అనేది.

ఆమెకు పైవరసలో ముందు పళ్ళు నాలుగూ కట్టుడువి. అవి ఎలా పోయాయో చెబితేగాని తక్కిన కథ తెలియదు.

ఆమె మొగుడు పాండురంగనుకూ, అతని చిన్నాయన కొడుకు అళగిరికీ ఒకటే బావి, ఒకటే మోటారు. ఒకరోజు వీళ్ళ వంతు, ఒకరోజు వాళ్ళ వంతు. పాతికేళ్ళ కింద ఒక ఏటి ఎండలకు బావి అడుగంటింది. తన వంతు అయిపోయినా అళగిరి మోటారు ఆపలేదు. పాండురంగన్ సాధువు. పోనీలే, రేపు చూసుకుందాం అన్నాడు. బొమ్మక్క మోటారు గదిలోకి వెళ్ళి స్విచ్చి కట్టేసింది. అళగిరి వచ్చి వేశాడు. మళ్ళీ కట్టేసింది. మళ్ళీ వేశాడు. ఆమె మళ్ళీ చెయ్యి చాచేసరికి అతను కొప్పు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. గోడ సున్నం ఎర్రబడింది. ఆమె అతని మెడ చుట్టూ చెయ్యి బిగించి నోటికి ఏది అందితే అది పట్టుకుంది. అందింది కుడి చెవి. అతను గుద్దాడు, తన్నాడు, గావుకేకలు పెట్టాడు. ఆమె వదల్లేదు. చివరికి కింద పడి ఉన్న స్పానరు అతని చేతికి దొరికింది. మూతి మీద ఒకటే దెబ్బ. సిమెంటు నేల మీద నాలుగు పళ్ళు రాలాయి. వాటి పక్కనే సగం చెవి.

ఊరి పెద్దలు కూర్చుని, పళ్ళకూ చెవికీ సరిపోయింది, పోలీసు దాకా వద్దు అన్నారు. అళగిరి తన వాటా అమ్ముకుని, పెళ్ళాన్నీ, ఉయ్యాల్లో ఉన్న ఆడపిల్లనూ తీసుకుని తిరునెల్వేలి వైపు వెళ్ళిపోయాడు. సగం చెవితో ఆ వీధుల్లో తిరగలేకపోయాడని చెప్పుకున్నారు. ఆ తర్వాత బొమ్మక్క ముందు ఆ ఇంటి మాట ఎత్తిన వాళ్ళు లేరు. ఎత్తితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

కట్టుడు పళ్ళు పెట్టింది రాజపాళయంలో ఒక ముసలి డాక్టరు. ఎలా విరిగాయని అడగకుండా పెట్టాడు. అందుకని ఇక జన్మకు ఆయనే తన డాక్టరు అనుకుంది. ఆయన కాస్తా పోయినేడు కాలం చేశాడు. ఈ ఎండాకాలం ఆమె కింది దవడ పన్ను లోపల పుచ్చి, బుగ్గ కొబ్బరికాయంత అయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఉమ్మి మింగితే గొంతులో కత్తి దిగినట్టుంది. అప్పటికి పాండురంగన్ కూడా లేడు, కొడుకు వినోత్ మిల్లు పనిలో ఉన్నాడు. నొప్పి పట్టలేక ఆమె గడపకేసి తల బాదుకుంటుంటే కోడలు సెల్వి అడ్డం పడింది. అడ్డం పడినందుకు ముక్కు మీద మోచేతి దెబ్బ తింది.

"అత్తా, ఈ బుగ్గ వీక్కం మెడలోకి దిగితే ఊపిరి ఆడదంట. కొట్టేదంటే కొట్టు, పొయ్యేది మాత్రం ఇప్పుడే పోవాల" అంది సెల్వి, ఒక చేత్తో ముక్కు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో స్కూటీ తాళం తీసుకుంటూ.

కొత్త డాక్టరును ఎంచుకోవడానికి బొమ్మక్కకు తనదే అయిన ఒక పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చోగానే డాక్టరు మణికట్టు పట్టుకుని బలంకొద్దీ బిగిస్తుంది. బెదిరిన చెయ్యి తన నోట్లోకి రాకూడదు. మొదటి చోట కుర్ర డాక్టరు కెవ్వున అరిచి చెయ్యి లాక్కున్నాడు, పోలీసును పిలుస్తానన్నాడు. రెండో చోట డాక్టరు అరవలేదు, నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఇనప కడ్డీతో నొప్పి పంటి మీద టకటకా తట్టి, "ఇదేనా?" అన్నాడు. బొమ్మక్క కాలు అతని పొట్టలో దిగింది. అతను ఉమ్మి గిన్నె మీద వెల్లకిలా పడ్డాడు. సెల్వి ఇద్దరికీ దండం పెట్టి అత్తను బయటికి లాక్కొచ్చింది.

మూడోది తెన్‌కాశి రోడ్డులో కొత్తగా తెరిచిన క్లినిక్కు. బోర్డు మీద 'ఏ. సత్య, బి.డి.ఎస్.' అని ఉంది. ముందు గదిలో చీటీలు ఇచ్చే అమ్మాయి, "డాక్టర్ మీ మాదిరి తెలుగు మాట్లాడే వాళ్ళే" అంది తమిళంలో. బొమ్మక్క ప్రాణం కాస్త కుదుటపడింది. ఇక్కడ బోర్డుల మీద ఇంటిపేరు రాయరు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఒక్కటే రాస్తారు. ఆ అక్షరం వెనక ఉన్న తండ్రి ఎవరని ఆమె అడగలేదు. తెలుగు మాట చెవిన పడితే చాలు, మన మనిషే అనుకోవడం ఈ వైపు తెలుగువాళ్ళందరికీ ఉన్న జబ్బు.

డాక్టరు సన్నటి పిల్ల. బొమ్మక్క మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా బిగించింది. ఆ పిల్ల చెయ్యి లాక్కోలేదు. అరుపూ లేదు. "అయిందా పెద్దమ్మా?" అంది.

బొమ్మక్క చెయ్యి వదిలి నోరు తెరిచింది.

సత్య కట్టుడు పళ్ళు తీసి పక్కన పెట్టింది. ఆ ఖాళీనీ, పై పెదవి మీద తెల్లటి మచ్చనూ చూసింది. చీటీ మీది పేరూ ఊరూ మరోసారి చదివింది. చేతిలోకి తీసుకున్న సూదిని తిరిగి పళ్ళెంలో పెట్టింది.

"ఊసి వేసేదానికి ముందు ఒక మాట చెప్పాల. తర్వాత తెలిస్తే మోసం చేసినట్టు ఉంటాది. మా నాయన పేరు అళగిరి. మీ ఊరే. కుడి చెవి సగమే."

పళ్ళెం ఎగిరి గోడకు కొట్టుకుంది. అద్దాలు, కొక్కేలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. బొమ్మక్క రెండు చేతులూ సత్య కోటు కాలరులో ఉన్నాయి.

"అత్తా, విడు! విడు అత్తా!" సెల్వి వెనకనుంచి నడుము పట్టుకుని లాగుతోంది.

"నన్ను చంపేదానికి ఇక్కడ కూర్చున్నావా?"

"చంపేదానికి నేను ఏమీ చెయ్యనక్కర లేదు" అంది సత్య. ఊపిరి అందక ముఖం కందిపోయింది. "మీరు ఇంటికి పోతే చాలు. ఆ చీము మెడలోకి దిగతా ఉంది."

బొమ్మక్క పట్టు సడలించలేదు. "నా నోట్లో వేలు పెట్టేదానికి భయం లేదా నీకు?"

"ఉంది. చిన్నప్పుడు నేను అన్నం తినకపోతే మా అమ్మ మీ పేరే చెప్పేది."

"మరి కొరికితే?"

"కొరికితే కొడతా."

బొమ్మక్క కాలరు వదిలి, తనంత తాను కుర్చీలో వెనక్కి వాలింది.

చీము పట్టిన చోట మత్తుమందు సరిగా పని చెయ్యదు. రెండు సూదులు వేసినా సగం నొప్పి అలాగే ఉండిపోయింది. కత్తి తగలగానే చీమూ నెత్తురూ చిమ్మి సత్య కళ్ళద్దాల మీద పడ్డాయి. ఆ కంపుకు సెల్వి నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. పటకారు పెట్టి తిప్పితే పన్ను పైభాగం పుటుక్కున విరిగింది, వేరు లోపలే ఉండిపోయింది. ఇక దవడ ఎముకలో తవ్వడమే. బొమ్మక్క మడమలు కుర్చీని బాదుతున్నాయి, రెక్సిను చిరిగి దూది బయటికొచ్చింది. ఒకచోట నొప్పి నేరుగా నడినెత్తికి తగిలింది. దవడలు వాటంతట అవే మూసుకున్నాయి. మధ్యలో సత్య బొటనవేలు ఉంది.

తొడుగు తెగింది, వేలు తెగింది. సత్య అరవలేదు. ఎడమ చేత్తో బాగున్న చెంప మీద ఫెడీమని కొట్టింది.

"తెరువు!"

మోటారు గది తర్వాత బొమ్మక్క మీద ఎవరి చెయ్యీ పడలేదు. నోరు తెరుచుకుంది. సత్య వేలికి కట్టు కట్టుకుని, కొత్త తొడుగు వేసుకుని, అదే వేలును మళ్ళీ అదే చోట పెట్టింది. కుర్చీ చేతులు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుని, కళ్ళనుంచి ధారగా నీళ్ళు కారుతున్నా, వేరు ఊడి వచ్చేదాకా బొమ్మక్క నోరు మళ్ళీ మూయలేదు.

"ఈ గాజుగుడ్డ గట్టిగా కొరికి పట్టుకో. అర్ధగంట నోరు తెరిచేది లేదు. తెరిస్తే నెత్తురు ఆగదు" అని సత్య ఆమెను ముందు గదిలో కూర్చోబెట్టింది.

కూతురు క్లినిక్కు తెరిచినప్పుడు ఆమెతో రాజపాళయానికి తిరిగి వచ్చిన అళగిరి మధ్యాహ్నం అన్నం తెచ్చే వేళ అది. తలకు తుండుగుడ్డ, చేతిలో సంచి. లోపల అడుగు పెట్టి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి, సంచి జారవిడిచాడు. సాంబారు నేలంతా పారింది. తలుపు సందులోంచి కూతురి వేలి కట్టు కూడా కనబడింది.

"ఏం వదినే! తండ్రిది సగం తిన్నావు, బిడ్డది కూడా తినేదానికి వచ్చినావా? కుక్కముండా! మాట్లాడు! ఊరంతా వినేదే నీ నోరు, ఎక్కడికి పోయింది ఆ నోరు?"

బొమ్మక్క గొంతు నిండా జవాబులే. నోరు తెరవడానికి లేదు.

"అత్తా, తెరవొద్దు! నెత్తురు!" అని మొత్తుకుంది సెల్వి.

ఆమె నోరు తెరవకూడదని తెలిసి అళగిరికి ధైర్యం వచ్చింది. తిడుతూ మీద మీదకు వచ్చాడు. బొమ్మక్క లేచి, తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి, నాలుగు కాళ్ళూ అతని రొమ్ముకు ఆనించి గోడ దాకా నెట్టుకుపోయి అక్కడ అదిమిపెట్టింది. అతను గోడకు అతుక్కుని తిడుతూనే ఉన్నాడు. ఆమె దవడలు బిగించి నిలబడే ఉంది.

చప్పుడుకు సత్య బయటికి వచ్చింది.

"పెద్దమ్మా, కుర్చీ దించు. నాయనా, వీధిలోకి పో."

"నీ వేలు చూడు పాపా, అది నిన్ను..."

"నా పేషెంటు. పో."

అళగిరి తుండు సర్దుకుని వెళ్ళి బయట మెట్టు మీద కూర్చున్నాడు.

నెత్తురు ఆగింది. సత్య గుడ్డ తీసి చూసి, మాత్రలు రాసింది. "ముందుపళ్ళ ప్లేటు అరిగిపోయింది, కొత్తవి కట్టాల. నా దగ్గరికే రావాలని లేదు పెద్దమ్మా. మధురైలో మంచి వాళ్ళు ఉన్నారు, పేరు చెప్తా."

"మధురై వాళ్ళకు నన్ను కొట్టే ధైర్యం ఉంటాదా?" అంది బొమ్మక్క. మత్తుకు మూతి వంకర పోయి మాట నానింది. "నువ్వే కట్టు. వచ్చే వారం వస్తా."

వాకిట్లో మెట్టు దిగుతూ అళగిరి ముందు ఆగింది. అతను లేచి నిలబడ్డాడు. సెల్వి గబగబా ఇద్దరి మధ్యకూ స్కూటీ తెచ్చి పెట్టింది.

"మరిదీ, ముందు పళ్ళు లేవు, ఇప్పుడు తిట్టితే అంతా గాలే పోతాది" అంది బొమ్మక్క. "నీ బిడ్డ పళ్ళు కట్టనీ. అప్పుడు వచ్చి చెప్తా నీకు."

"రా" అన్నాడు అళగిరి. "ఈ తడవ నేను ఊరు విడిచి పొయ్యేది లేదు."