అరలు సర్దిన మనిషి

బస్సు డిపోలో విడిభాగాల స్టోరు చూసుకుంటూ ముప్పై ఆరేళ్ళు పనిచేసిన ఆయన్ని మెకానిక్కులంతా బోల్టు బాబాయి అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు, పోనుపోను ముఖం మీదే పిలిచారు. ఆయనకీ ఆ పేరు బాగానే ఉండేది. ఎవరైనా స్టోరు కిటికీ దగ్గరికొచ్చి "బాబాయ్, వెనక చక్రం బేరింగు" అంటే తలెత్తకుండానే "నాలుగో వరస, కింది నుంచి రెండో అర, ఎడమ మూల" అనేవాడు. కరెంటు పోయినా అక్కడ పని ఆగేది కాదు. చీకట్లో చెయ్యి పెట్టి కావలసిన సామాను కావలసినట్టు తెచ్చిచ్చేవాడు. ఇంటికొచ్చి ఆ సంగతి భార్యతో చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా.

అలాంటి మనిషి రిటైరయ్యాడు. మొదటి వారం కరువుతీరా నిద్రపోయాడు. రెండో వారం పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా భార్యకి చదివి వినిపించాడు. మూడో వారానికి గోడలు మీదికొస్తున్నట్టు అనిపించింది. ఏమీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందంటారు. ఈయనకి తోటికోడళ్ళు లేరు కాబట్టి వంటింట్లోకి వెళ్ళాడు.

వెళ్ళి చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమంది. చక్కెర డబ్బా పక్కన అగ్గిపెట్టె, దాని పక్కన స్క్రూడ్రైవరు. ఉప్పు ఒక మూల, కారం ఇంకో మూల. పప్పు డబ్బాకి నడుముకి రబ్బరు బ్యాండు, టీపొడి డబ్బాకి మెడలో దారం. పొయ్యికి ఎడమవైపు గట్టంతా ఖాళీ, అక్కడ ఒక పాత చెక్కపలక తప్ప ఏమీ లేదు. ముప్పై ఆరేళ్ళు ఎనిమిది వేల రకాల సామాను ఒక్క చేతి మీద నడిపిన మనిషి ఇంట్లో ఇదా తీరు అనుకున్నాడు.

ఆ వారం కూతురు వచ్చి తల్లిని రెండు రోజులు తనింటికి తీసుకెళ్ళింది. కూతురిల్లు అదే ఊళ్ళో, బస్సెక్కితే అరగంట. ఆ రెండు రోజుల్లో ఆయన వంటిల్లంతా దింపి, కడిగి, మళ్ళీ ఎక్కించాడు. డబ్బాలన్నీ ఒకే కొలతవి కొన్నాడు. పాత డబ్బాల్ని రబ్బరు బ్యాండ్లు, దారాలతో సహా చెత్తబుట్టలో వేశాడు. ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు. పొయ్యి పక్క ఖాళీ జాగా వృథాగా పోతోందని అక్కడ మూడంతస్తుల ఇనుప స్టాండు పెట్టాడు. చెక్కపలకని బాల్కనీలో పడేశాడు.

భార్య తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన వెనకాలే నిలబడి ఆమె ఏమంటుందోనని చూశాడు. ఆమె రెండడుగులు లోపలికి వేసి, అర మీదికి చెయ్యి చాపి, ఒక డబ్బాని ముట్టుకుని, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరు సర్దమన్నారు?" అంది.

"ఎవరైనా అనాలా ఏమిటి? నీకు సుఖంగా ఉంటుందనే చేశాను."

"నేనడిగానా?"

"ఇంత కష్టపడితే ఒక మంచి మాట లేదు."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ," అంది ఆమె. గొంతు పెంచలేదు గాని ముఖం పాలిపోయింది. "నా వంటిల్లు నాకిచ్చెయ్యండి," అంది.

ఆయన మనసుకి కష్టమనిపించింది. అలిగి బాల్కనీలో కూర్చున్నాడు. ఆ పూట టీలో ఉప్పు పడింది. మర్నాడు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. కావాలనే కసి తీర్చుకుంటోందనుకుని, నోరు మెదపకుండా తిన్నాడు. నలభై రెండేళ్ళ కాపురంలో ఇలాంటి మౌనాలు చాలానే చూశారు కాబట్టి, ఇదీ రెండు రోజుల్లో తగ్గుతుందిలే అని ఊరుకున్నాడు.

మూడో రోజు పొద్దున ఆయన పేపరు చూస్తుండగా లోపల గిన్నె పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే ఆమె కేక. పరుగెత్తి వెళ్ళేసరికి ఆమె నేల మీద కూర్చుని కుడి పాదం పట్టుకుని ఉంది. చుట్టూ నీళ్ళు, ఆవిరి. మరిగే నీళ్ళ గిన్నె దించి ఎప్పట్లాగే ఎడమవైపు పెట్టబోయింది. అక్కడ స్టాండు ఉంది. గిన్నె దాని అంచుకి తగిలి తిరగబడింది.

ఆయన గుడ్డ తడిపి తెచ్చి ఆమె కుడి పక్కన కూర్చుని అందించాడు. ఆమె తీసుకోలేదు. "ఇదిగో" అన్నాడు. ఆమె మాట వినబడ్డ వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి గుడ్డని దాటిపోయి గాలిలో వెతికి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెతికింది. గుడ్డ ఆమె ముఖానికి జానెడు దూరంలోనే ఉంది.

ఆయన చేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముందు కాలి సంగతి చూడండి," అంది ఆమె.

కాలికి కట్టు కట్టించాక ఆమె వద్దంటున్నా వినకుండా అట్నుంచి అటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. యంత్రాల ముందు ఆమెని గంటన్నర కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇద్దర్నీ పిలిచి చెప్పింది. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని కొద్దికొద్దిగా తినేస్తుందట. నొప్పి ఉండదు, ఎర్రబడదు, అందుకే తెలియదట. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంటికి పక్కచూపు పోయి నడిమి చూపు మాత్రం మిగిలింది.

"గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందండీ ఆవిడకి," అంది డాక్టరమ్మ. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండేది."

ఆయన తల వంచుకుని విన్నాడు.

"ఇంకో మాట. ఇది రక్తసంబంధంలో వస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అమ్మకి," అంది భార్య. ఆ మాట కూడా ఆయనకి కొత్తే. అత్తగారికి ముసలితనం వల్ల చూపు పోయిందని మాత్రమే ఆయనకి తెలుసు.

"పిల్లలున్నారా?"

"ఒక అమ్మాయి. నలభై నిండాయి."

"రేపే తీసుకురండి," అంది డాక్టరమ్మ.

ఇద్దరూ ఇంటికి ఆటో ఎక్కారు. ఆయన మనసు ఒక్కచోట నిలవలేదు. రెండేళ్ళుగా ఆమె చేస్తున్నవన్నీ ఒకటొకటే గుర్తుకొచ్చాయి. పేపరు తను చదవడం మానేసి, "మీరు చదివితే వినబుద్ధవుతుంది" అంది. అది విని వయసు మళ్ళాక ప్రేమ ముదిరిందని లోలోపల పొంగిపోయాడు. పెళ్ళిళ్ళకి రానంటే మోకాళ్ళ నొప్పులనుకున్నాడు. వీధిలో ఎదురైన పక్కింటావిడని పలకరించకపోతే, నీకు కళ్ళు నెత్తికెక్కాయని వెక్కిరించాడు. నడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుంటే, ఈ వయసులో నలుగురిలో ఇదేమిటని విడిపించుకున్నాడు. ఆ విడిపించుకోవడం దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం బయటికి తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, కాలి కింద దిండు పెట్టి అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు?"

"డాక్టరుకి చూపించేవాణ్ణి."

"ఆ తర్వాత?"

ఆయన ఆమె కాలి కింది దిండుని ఇంకొంచెం జరిపాడు.

"మా అమ్మకి చూపు తగ్గిందని తెలిశాక మా అన్నయ్యలు ఎంతో బాగా చూసుకున్నారు," అంది ఆమె. "కిటికీ పక్కన కుర్చీ వేశారు. అన్నీ అక్కడికే తెచ్చిచ్చారు. లేవబోతే, పడతావమ్మా కూర్చో అన్నారు. కత్తి తీసుకున్నారు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అయిదేళ్ళు ఆ కుర్చీలోనే ఉంది. చివరికి ఎవరైనా పలకరించినా మాట్లాడేది కాదు. ఆవిడ కళ్ళ వల్ల పోలేదండీ."

"నేనలా చేస్తానా?"

"మూడు వారాలు ఊరికే కూర్చోలేక వంటిల్లు తీసేసుకున్నారు. నేను గుడ్డిదాన్నని తెలిస్తే ఆగుతారా?" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. "ఏ డబ్బా ఎక్కడుందో నా చేతికి తెలుసు. రబ్బరు బ్యాండుంటే పప్పు, దారముంటే టీపొడి. కరెంటు పోయినా మీ స్టోరులో పని ఆగదని చెప్పుకునేవారుగా. నాదీ అంతే."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, గుండ్రటి అక్షరాలతో తను రాసిన కాగితాల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు కూతురు వచ్చింది. ఆసుపత్రిలో పరీక్ష అయ్యాక ముగ్గురూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. కూతురికి రెండు కళ్ళలోనూ ఒత్తిడి ఎక్కువగా ఉంది. నరానికి ఇంకా పెద్దగా దెబ్బ తగల్లేదు. ఇప్పటి నుంచి మందు వేసుకుంటే చూపు నిలిచే అవకాశం బాగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. నిమ్మళించాల్సిన మాటే గాని కూతురు నిమ్మళించలేదు.

"నీకు రెండేళ్ళుగా తెలుసు," అంది తల్లితో. "అమ్మమ్మకి వచ్చిందని తెలుసు. నీకు వస్తోందని తెలుసు. నాకూ రావచ్చని ఒక్కసారైనా అనిపించలేదా, అమ్మా?"

తల్లి తన చేతిలోని మందుల కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అనిపించింది," అంది చివరికి. "అనిపించిన ప్రతిసారీ, అలా ఏం కాదులే అనుకున్నాను."

కూతురు ఏడ్చింది. ఆయన మధ్యలో కూర్చుని ఎవరి భుజం మీద చెయ్యి వెయ్యాలో తెలియక తన మోకాళ్ళ మీదే పెట్టుకున్నాడు. తప్పు భార్యదని కూతురి తరఫున ఒక కోపం వచ్చింది. పక్కనే ఉండి చూడనివాడివి నీ తప్పెంత అని తన మీదే ఇంకో కోపం వచ్చింది. కూతురు నెల రోజులు తండ్రికి ఫోను చేసేది గాని, తల్లికి ఇమ్మనేది కాదు. ఆ తర్వాత ఒకరోజు, "అమ్మ చుక్కలు వేసుకుంటోందా?" అని అడిగి, "ఇవ్వు ఒకసారి" అంది. తల్లీకూతుళ్ళు మందు మంట గురించి రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. వాళ్ళ మధ్య మునుపటి చనువు మాత్రం పూర్తిగా రాలేదు.

వంటిల్లు మళ్ళీ పాత తీరుకి తేవడం ఆయన పని అయింది. తీరా మొదలుపెడితే ఏది ఎక్కడుండేదో ఆయనకి ఒక్కటీ గుర్తు లేదు. ఎనిమిది వేల సామాన్లు గుర్తుపెట్టుకున్న బుర్రకి ఇంట్లో ఉప్పు డబ్బా జాగా ఎక్కలేదు. భార్య కట్టు కట్టిన కాలు చాపుకుని స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, ఆయన కుర్రగుమాస్తాలా అందించాడు.

"ఇంకా కిందికి. నా మోచేతికి తగలాలి."

"ఇక్కడ?"

"అది మీ మోచెయ్యి. నాది పట్టుకుని చూడండి."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని అర దాకా చాపి కొలత చూశాడు. డబ్బాలకి కొత్త రబ్బరు బ్యాండ్లు తెచ్చాడు. పారేసిన పాత డబ్బాలు మాత్రం దొరకలేదు. కొత్తవాటి నునుపు తన చేతికి అలవాటు కావడానికి ఆమెకి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఒక గాజు సీసా, మూడు కప్పులు పగిలాయి. పగిలినప్పుడల్లా ఆయన పరుగెత్తబోయి, గుమ్మం దగ్గర ఆగి, "చెప్పులేసుకున్నావా?" అని మాత్రం అడిగేవాడు. కొన్నాళ్ళు వంటింటి ఎదురుగా కుర్చీ వేసుకుని పేపరు అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. "పేజీ తిప్పిన చప్పుడు లేదు. నన్నే చూస్తున్నారు. అవతలికి పొండి," అందామె. తప్పక కుర్చీ ముందుగదిలోకి మార్చాడు.

ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష చేశారు. ఎడమ కంటి చూపు ఇంకొంచెం కుంచించుకుపోయింది. మందు మార్చి చూద్దామంది డాక్టరమ్మ. ఎన్నేళ్ళు నిలుస్తుందని ఆయన అడిగితే, అది చెప్పలేమండీ అంది. ఆ రాత్రి నుంచి ఆయనకి నిద్ర పలచబడింది.

ఆ మర్నాడు ఆయన డిపోలో పాతవాళ్ళని పలకరించడానికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. బల్ల మీద అన్నం, కూర సర్ది ఉన్నాయి. ఇద్దరూ కూర్చున్నారు. ఆమె ఎడమచేతి చూపుడువేలికి గుడ్డముక్క చుట్టి ఉంది, దాని మీద ఎర్రటి మరక. ఆయన చూశాడు. అడిగితే కత్తి లాక్కుంటున్నట్టు అవుతుందేమో, అడక్కపోతే మళ్ళీ చూడనివాడి లెక్కలోకి వస్తాడేమో తేల్చుకోలేక అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"ఉల్లిపాయ కోస్తుంటే తెగింది," అంది ఆమె తనంతట తనే. "లోతు లేదు. మందు రాశాను."

"సరే," అన్నాడు.

"కత్తి పక్కనే వేలుంది, నాకు కనపడలేదు."

ఇన్నాళ్ళలో కనపడలేదన్న మాట ఆమె నోటంట రావడం అదే మొదటిసారి. ఆయన నీళ్ళ గ్లాసు తీసుకుని తాగి, రెండోది నింపి, ఆమెకి కనబడేలా సరిగ్గా ఎదురుగా పెట్టాడు. ఆమె దాన్ని చూసి, అందుకుని తాగింది.