మేకను చూసి నవ్విన ఫొటో

“నన్ను అడగకుండ ఫొటో ఎందుకు తీసినవ్?”

“అడిగితే కొంగు సర్దుకొని బిగుసుకపోతరు గదా, అవ్వా!”

“నా ముఖం నాది. తీసెయ్.”

ఛత్రినాక పోయే బస్సుల, మెడల కెమెరా ఏసుకున్న ఒక పిల్లతోని నా లొల్లి ఇది. కాళ్లు గుంజుతున్నయ్, గట్టిగ కొట్లాడే ఓపిక గూడ లేదు.

“ఒక్కసారి చూడుండ్రి. ఎవరూ చూస్తలేరనుకొని నవ్వే ముఖం దొరికితే నాకు ఆ దినమంత పండుగే,” అన్నది.

చూసిన. ఫొటోల, బస్సు పక్కన పోతున్న ఆటోల ఒక మేక దర్జాగ సీటు మీద కూసున్నది. దాన్ని చూసి నేను పండ్లు లేని నోరు తెరిచి నవ్వుతున్న. నేను పోయినంక గోడకు పెట్టనీకి స్టూడియోల తీయించి పెట్టెల దాచుకున్న ఫొటో ఒకటున్నది. దాంట్ల మూతి ముడుచుకొని ఉన్న.

అయినా మాట మార్చుకోలె. “తీసెయ్ అన్ననా?”

ఆ పిల్ల నా కండ్ల ముందటనే డిలీట్ చేసింది. “మాఫ్ చెయ్యుండ్రి అవ్వా,” అని వచ్చే స్టాప్‌ల దిగిపోయింది. ఇల్లు చేరేదాక ఆ మేకనే యాదికొచ్చింది.

తెల్లారి వాకిట్ల తోటకూర ఏరుతుంటే మనుమరాలు చప్పుడు చెయ్యకుండ నా దిక్కు ఫోన్ ఎత్తింది. చూసిన గని, కొంగు సర్దుకోలె. కూర ఏరుకుంటనే కూసున్న.