ఆగి పోతది

1998. మాదాపూర్‌లో గుండ్రటి భవనం లేచింది. దాని చుట్టుపక్కల ఇంకా రాళ్ళు పేలుస్తూనే ఉన్నారు. నా షెడ్డు గచ్చిబౌలి చౌరస్తాకి కొంచెం ఇవతల, రోడ్డు పక్కన నాలుగు రేకుల కింద ఉండేది. పొద్దున తుడిచిపెట్టిన స్పానర్ల మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. పగలంతా కంకర లారీలు, ఇసుక లారీలు. చౌరస్తాలో సిగ్నల్ లేదు, పోలీసూ లేడు. ధైర్యం ఉన్నవాడు ముందు దాటేవాడు.

నేను తెనాలి దగ్గర పదేళ్ళు ఇదే పని చేసి వచ్చి, అక్కడ షెడ్డు వేసుకుని అప్పటికి తొమ్మిదేళ్ళు. దాచుకోవడం దేనికి, పని మీద విసుగొచ్చేసింది. నడుము నొప్పి ఒకవైపు, ఈ దుమ్ము ఒకవైపు. వచ్చిన ప్రతివాడూ బండికి ఏమైందో రామాయణమంతా చెప్పబోతాడు. నేను సగం విని, మిగతా సగం నేనే పూర్తి చేసుకునేవాణ్ణి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది సరిపోయేది. ఇది ఆ పదోసారి సంగతి.

యాదయ్యది నానక్‌రామ్‌గూడ. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. మాదాపూర్ దారిలో ఎస్టీడీ బూత్ నడిపేవాడు. ఆయన బండి ఏ కంపెనీలోనూ పుట్టలేదు. మూసాపేటలో ఒక వెల్డింగ్ మేస్త్రి కొలతలు తీసుకుని ఆయన కోసమే చేసిచ్చాడు. ముందు భాగం పాత స్కూటరుది. వెనక ఇనప పైపుల ఫ్రేము, దానికి రెండు ఆటో చక్రాలు. సీటు కింద ఒక పాత మోటార్ సైకిల్ ఇంజన్, ఎయిర్ కూల్డ్, అంటే నీళ్ళూ రేడియేటరూ లేకుండా గాలికే చల్లబడేది. బ్రేకు, గేరు, కిక్కు అన్నీ చేతి లివర్లే. వెనకాల చిన్న బల్ల. ఆ బల్ల మీద కూర్చుని ఆయన కూతురు స్వప్న రోజూ బడికి వెళ్ళేది. ఆ పిల్ల రెండో తరగతి. బడి చౌరస్తాకి అవతలి వైపు.

మొదటిసారి వచ్చినప్పుడు యాదయ్య బండి దిగకుండానే చెప్పాడు.

"ఉస్తాద్, బండి ఆగి పోతది. రేజ్ ఇస్తే ఆగి పోతది. జర చూడు."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"రెండు వారాలాయె."

రేజ్ ఇచ్చినా, అంటే యాక్సిలరేటర్ తిప్పినా, ఇవ్వకపోయినా ఆగిపోయే ఇంజన్లు నేను వందల్లో చూశాను. కార్బురేటర్ విప్పాను. పెట్రోలునీ గాలినీ తగు పాళ్ళలో కలిపి ఇంజన్‌కి అందించేది అదే. అందులో పైలట్ జెట్ అని సన్నటి బెజ్జం ఉంటుంది. బండి నిలబెట్టి వదిలేసినప్పుడు ఇంజన్ నిదానంగా తిరగడానికి పెట్రోలు దాంట్లోంచే వస్తుంది. ఆ నిదానపు తిరుగుడుని ఐడ్లింగ్ అంటాం. జెట్ కడిగి, ఊది, ఐడ్లింగ్ స్క్రూ అర తిప్పు బిగించాను. వెనక చక్రాలు నేలకి తగలకుండా స్టాండు మీదకి ఎత్తి పావుగంట తిప్పి చూశాను. గడియారంలా తిరిగింది.

పది రోజులకి మళ్ళీ వచ్చాడు.

"గట్లనే ఉన్నది ఉస్తాద్. ఆగి పోతది."

నాకు చిరాకేసింది. ఇంజన్ స్టార్ట్ చేసి, వేరే స్కూటరు పని చూసుకుంటూ దాన్ని అలాగే వదిలేశాను. ఎంతసేపున్నా ఆగలేదు. మధ్యలో రెండుసార్లు రేజ్ ఇచ్చాను, అయినా ఆగలేదు.

"ఏమయ్యా యాదయ్యా, ఎక్కడ ఆగిపోతోంది? అరగంట నుంచి తిరుగుతూనే ఉంది కదా."

"ఆగిపోతలేదు ఉస్తాద్. ఆగి పోతది."

ఈ మనిషికి మాట మీద నిలకడ లేదనుకున్నాను. లేదంటాడు, మళ్ళీ అదే ఉందంటాడు. ఐడ్లింగ్ ఇంకో అర తిప్పు పెంచి, "ఇక చచ్చినా ఆగదు, వెళ్ళండి" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను అప్పటికే అటు తిరిగిపోయాను. ఆ తిరిగిపోవడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంకో వారం గడిచాక ఒక పొద్దున మొగుడూపెళ్ళాలు ఇద్దరూ వచ్చారు. ఆయన భార్య అంజమ్మని చూడటం అదే మొదలు. దగ్గర్లో కడుతున్న అపార్ట్‌మెంట్లలో ఇటుకలు మోసేది. షెడ్డు ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, మొన్న చౌరస్తల కంకర లారీ మీదికొచ్చింది. ఎనకాల బిడ్డ ఉన్నది. లారీవాడు బిరేకు తొక్కిండు గాబట్టి బతికిన్రు. మూడు దినాల సంది బిడ్డను బండి ఎక్కనిస్తలేను."

"మరి బడి?"

"బడికి పోతలేదు. నేను నడిపిచ్చుకుంట తీస్కపోదామంటే మేస్త్రి ఆలస్యం ఒప్పుకోడు. ఈయన కాళ్ళతోటి తీస్కపోలేడు. అందుకే మా అవ్వ కాడికి తోలేస్త. సంగారెడ్డి దాటినంక ఊరు. ఆడ్నే సదువుకుంటది."

యాదయ్య బండి హ్యాండిల్ వైపు చూస్తూ అన్నాడు. "బిడ్డ లేకుంటే నేనుండలేనే."

"ఉండలేకుంటే బండి బాగు చేపిచ్చుకో" అందామె. కోపంగా కాదు, అలసటగా అంది.

నేను పాత పాటే ఎత్తుకున్నాను. ఆగిపోయే ఇంజన్ కాదమ్మా ఇది, నేను రెండుసార్లు చూశాను అని. ఆమె నా మాటకి అడ్డం వచ్చింది. కుడిచెయ్యి ముందుకు చాచి, గాలిలో కొంచెం జరిపి, టక్కున ఆపింది. ఒక క్షణం అలాగే ఉంచి, ఒక్కసారిగా ముందుకు తోసింది.

"గిట్ల ఆగుతది. గప్పుడు పోతది."

నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. మా వైపు బండి వెళుతుంది. వీళ్ళ వైపు బండి పోతది. ఆయన మొదటి రోజు నుంచి చెబుతున్నది రెండు మాటలు. ఆగుతుంది, తర్వాత వెళుతుంది. నేను ఆ రెండింటినీ అతికించి ఒకే మాటగా విన్నాను. ఇంజన్ ఆరిపోవడం వేరు, రేజ్ ఇచ్చినప్పుడు ఊపిరి అందక ఒక క్షణం తటపటాయించడం వేరు. దీన్ని హెజిటేషన్ అంటాం. రెండింటి మందూ ఒకటి కాదు. చౌరస్తా మధ్యలో లారీకి ఎదురుగా ఆ ఒక్క క్షణం చాలు.

"తప్పు నాది యాదయ్య గారూ" అన్నాను.

ఈసారి బండిని స్టాండు ఎక్కించలేదు. ఆయన్ని సీటులోనే కూర్చోబెట్టి, గేరు వేయించి, బ్రేకు పట్టించి, క్లచ్ కొద్దికొద్దిగా వదలమన్నాను. నేను నేల మీద పడుకుని సీటు కిందకి చూశాను. అప్పుడు కనిపించింది. మూసాపేట మేస్త్రి ఇంజన్‌ని టైరు ముక్కల మీద కూర్చోబెట్టాడు, అదురు తెలియకుండా. అది మంచి ఆలోచనే. కానీ కార్బురేటర్‌ని మాత్రం క్లాంపు వేసి ఫ్రేముకి బిగించాడు. బరువు లాగేటప్పుడు ఇంజన్ వెనక్కి ఒరుగుతోంది, కార్బురేటర్ కదలడం లేదు. రెండింటినీ కలిపే రబ్బరు గొట్టాన్ని మానిఫోల్డ్ రబ్బర్ అంటాం, అది నడుమ సాగుతోంది. సాగినప్పుడు దాని అడుగున సన్నటి చీలిక నోరు తెరుస్తోంది. ఆ చీలికలోంచి దొంగగాలి దూరి పెట్రోలు వంతు తగ్గుతోంది. అదే ఆ క్షణం ఆగడం. స్టాండు మీద బరువుండదు కాబట్టి చీలిక మూసుకునే ఉంటుంది. నేను అరగంట కాదు, అరరోజు తిప్పినా తెలిసేది కాదు.

నమ్మకం కుదరడానికి చీలిక మీద గ్రీజు దట్టంగా పూసి మళ్ళీ క్లచ్ వదలమన్నాను. ఇంజన్ వెంటనే అందుకుంది. తర్వాత కొత్త రబ్బర్ వేశాను. ఫ్రేము క్లాంపు కోసేసి, కార్బురేటర్ ఇంజన్‌తో పాటే కదిలేలా చేశాను. నేను అనవసరంగా పెంచిన ఐడ్లింగ్ తగ్గించాను. అంజమ్మ ఆ రోజు పనికి వెళ్ళలేదు, అంతసేపూ అక్కడే ఉంది.

"అయిపోయిందమ్మా. ఇక భయం లేదు" అన్నాను చేతులు తుడుచుకుంటూ.

"గిదే మాట ఇంతకుముందు గూడ అన్నవంట."

నేను స్పానర్లు సర్దబోతే ఆమె బండి వెనక బల్ల చూపించింది.

"నువ్వు కూసో అన్నా. నా బిడ్డ కూసునే తాన కూసో. చౌరస్త దాటి మళ్ళ రాండ్రి."

యాదయ్య ఇబ్బంది పడ్డాడు. "ఉస్తాద్‌ను గట్లంటవేందే" అన్నాడు. ఆమె పక్కకి జరిగి దారిచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఏడేళ్ళ పిల్లకి చేసిన బల్ల అది, నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పట్టుకోవడానికి సీటు వెనక ఇనప కడ్డీ ఒకటి ఉంది. పట్టుకున్నాను.

చౌరస్తాలో ఎడమ నుంచి రాళ్ళ లారీ వస్తోంది. డ్రైవర్ సీటులో కూర్చుంటే లారీ దూరం అంచనాకి అందుతుంది. వెనక అంత కిందకి కూర్చుంటే చక్రాలు తప్ప ఏమీ కనబడవు. యాదయ్య ఒకసారి అటు చూసి క్లచ్ వదిలాడు. పందొమ్మిదేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నవాణ్ణి, గంట క్రితం నా చేత్తో బిగించిన బండి మీద నాకు నమ్మకం చాల్లేదు. కళ్ళు మూసుకున్నాను. బండి ఆగలేదు. తెరిచేసరికి అవతలి వైపు ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడూ ఆగలేదు.

షెడ్డు ముందు అంజమ్మ బండిని చూడలేదు. నా చేతిని చూసింది.

"కడ్డీ ఇడువన్నా."

నా వేళ్ళు ఇంకా దాన్ని బిగించి పట్టుకునే ఉన్నాయి.

"నువ్వు ఒక్కపారి పోయొస్తెనే గిట్ల పట్టినవ్. నా బిడ్డ నెల దినాలు గట్లనే పట్టుకొని పోయింది. నాయిన బాధపడ్తడని ఒక్కనాడు సుత చెప్పలే. మొన్న అరచేతులు కాయలు కాసినయి చూసినంకనే నాకు తెలిసింది."

యాదయ్య తల తిప్పుకున్నాడు. ఆయనకీ ఆ సంగతి అప్పుడే తెలిసిందని అర్థమైంది.

మర్నాడు పొద్దున బడి వేళకి ఆ బండి నా షెడ్డు ముందు నుంచి వెళ్ళింది. పిల్ల వెనకే ఉంది. సంగారెడ్డి ఊసు మళ్ళీ రాలేదు.

తర్వాత చాలా ఏళ్ళు ఆ పని చేశాను. ఎదుటివాళ్ళ మాట మధ్యలో అందుకునే అలవాటు పూర్తిగా పోలేదని మా ఆవిడ అంటుంది, నిజమే. కానీ ఒకటి మాత్రం మానలేదు. ఏ బండి తిరిగి ఇచ్చేముందైనా "దీని మీద మీతో పాటు ఎవరు కూర్చుంటారు?" అని అడిగి, వాళ్ళ చోట కూర్చుని ఒకసారి రోడ్డు మీదకి వెళ్ళి వచ్చేవాణ్ణి. నా పని బాగుందో లేదో నాకు అక్కడే తెలిసేది.