ఆగ్నేయంలో వంటిల్లున్న యుద్ధనౌక

నేను కట్టిన ఓడ లోకంలో ఎక్కడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. లేకపోతే మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ తీసి వెతికి, ఇలాంటిది లేదే అని నన్ను నిలదీస్తారు. పాతకాలంలో పెద్ద యుద్ధనౌకలుండేవి, తాటిమానంత ఫిరంగులతో, వీధంత పొడుగున. వాటిని చాలావరకు తుక్కు కింద అమ్మేశారు. అమ్మకుండా ఉంచి, ఈ కాలానికి తగ్గట్టు బాగుచేస్తే ఎలా ఉండేది? వెనక ఫిరంగులు పీకేసి క్షిపణులు పెట్టి, హెలికాప్టర్ దిగడానికి చప్టా వేసి, నెత్తిమీద రాడార్లు బిగిస్తే? అదీ నా ఓడ. బారెడు పొడుగుంటుంది.

నేను గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్ని. పొద్దుటినుంచీ బలాలూ భారాలూ చెప్పి చెప్పి గొంతు పోయాక, సాయంత్రం నోరు మూసుకుని చేసుకునే పని ఒకటి కావాలి కదా. ఫోమ్ షీటుతో ఒళ్ళు, అగరొత్తి పుల్లలతో డెక్కు, డ్రిప్పు పైపు ముక్కలతో క్షిపణి గొట్టాలు, టీ వడపోతతో రాడారు. ఆ వడపోత కోసం మా ఆవిడ ఇల్లంతా వెతికి, చివరికి దాన్ని ఓడ నెత్తిమీద చూసి, "లేని ఓడకి రిపేర్లేంటండీ?" అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏమనగలను, వడపోత వాళ్ళమ్మగారు కొనిచ్చింది.

ఇక ఆ అమ్మగారి సంగతి, అంటే మా అత్తయ్యగారి సంగతి చెప్పాలి. అద్దంకి దగ్గర పల్లెటూరు వాళ్ళది. మామయ్యగారు మిరప వేస్తారు, పత్తి వేస్తారు, ఎవరడిగినా కాదనరు. బంగారంలాంటి మనిషి. ఒక్కటే జబ్బు, వాస్తు.

ఒక ఏడు మిరపతోటకి తామరపురుగు పట్టింది. ఊళ్ళో అందరి తోటలకీ పట్టింది. అయినా మామయ్యగారి లెక్కలో తప్పంతా మా అత్తయ్యగారి వంటింటిది. పడమట ఉన్న వంటిల్లు కూలగొట్టి వాయవ్యానికి తెచ్చారు. పురుగు ఏ మాత్రం మొహమాటపడలేదు. తర్వాత బోరు ఎండింది. వంటిల్లు దొడ్డి వరండాలోకి నడిచింది. ఆ తర్వాత పత్తికి గులాబీ పురుగు. ఈసారి ఒక సిద్ధాంతిగారొచ్చి ఆగ్నేయమన్నారు, ఆగ్నేయానికి పోయింది. పురుగు పడితే మందు కొట్టాలిగానీ గోడలు కొట్టడమేమిటని నేను నెత్తీనోరూ బాదుకున్నాను. అల్లుణ్ణి కాబట్టి అన్నీ విని, మర్యాదగా ఇంకో గారె వడ్డించారు.

గోడ పడ్డ ప్రతిసారీ అత్తయ్యగారు నెలలకొద్దీ పెరట్లో పట్టా కింద గ్యాస్ పొయ్యి పెట్టుకుని వండారు. వానొస్తే గొడుగు పట్టుకుని పులుసు కలిపారు. ఒక్కమాట అనలేదు. మా ఇంట్లో టీవీ బల్ల ఈ గోడనుంచి ఆ గోడకి జరిపితేనే వారం రోజులు మాటల్లేకుండా పోతాయి.

మొన్న వేసవిలో మిరపకాయలు మంచి ధరకి పోయాయి. పోతే సంతోషించి ఊరుకోవచ్చుగా. అదే సమయంలో ఎవరో పుణ్యాత్ముడు ఆయనకి ఫోన్లో దిక్సూచి ఉంటుందని చూపించాడు. ఆయన దాన్ని తీసుకెళ్ళి ఇనప బీరువా పక్కన పెట్టి చూశారు. ముల్లు బీరువాకి నమస్కారం చేసింది. ఇంకేముంది, మన ఆగ్నేయం ఆగ్నేయం కాదు, దక్షిణానికి జారింది, వంటిల్లు మళ్ళీ మార్చాల్సిందే అని మేస్త్రీకి కబురు పెట్టారు.

అప్పుడు అత్తయ్యగారు మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పారట. ఈసారి గోడమీద ఒక్క దెబ్బ పడినా తను తమ్ముడింటికి పోతానని, మళ్ళీ పిలవద్దని. ఏడుస్తూ కాదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. అందుకే మా ఆవిడ బెదిరిపోయింది. బెదిరింపులు అలవాటున్న మనిషైతే సర్దిచెప్పొచ్చు. ఈవిడ అంటే చేస్తుంది.

మా ఆవిడ వచ్చి ఓడ పక్కన కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. నేను మురిసిపోయాను.

"దీన్ని మా ఊరు తీసుకెళ్దాం. మా నాన్న చేతులకి పీకడానికి ఏదో ఒకటి కావాలి. గోడల బదులు దీన్ని పీకనివ్వండి" అంది.

"నా ఓడనా?"

"లేని ఓడేగా."

కాలేజీకి సెలవులు. తప్పించుకోవడానికి దారి లేదు. కారు వెనక సీట్లో బొంత పరిచి ఓడని పడుకోబెట్టి, బెల్టు కూడా పెట్టి తీసుకెళ్ళాను. మేస్త్రీ పని మొదలుపెట్టకుండా ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు. ఆపలేకపోతే అత్తయ్యగారు పెట్టె సర్దుతారు. యుద్ధనౌక మీద ఇంత భారం ఏ దేశంలోనూ పడి ఉండదు.

మామయ్యగారు ఓడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కళ్ళజోడు సవరించుకుని అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి సింహద్వారం ఏది?"

ఉండదన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. పోనీలే, ముక్కే సింహద్వారం అనుకుందామని తనే తీర్మానించి, బల్లమీద దాని ముక్కు తూర్పుకి తిప్పించారు. తర్వాత వంటిల్లెక్కడన్నారు. నడిమధ్యన, పొగగొట్టం కింద ఉందని చూపించాను.

"బ్రహ్మస్థానంలో పొయ్యి పెడితే తుక్కుకి పోక ఏమైద్దయ్యా?" అన్నారు.

అలా మొదలైంది. నేను ఓడని ఈ కాలానికి తెచ్చాను, ఆయన శాస్త్రానికి తేవడం మొదలుపెట్టారు. వంటిల్లు ఊడదీసి ముందువైపు కుడిమూలకి, అంటే ఆగ్నేయానికి పంపించారు. పొగగొట్టం దాని వెంటే పోయింది. నడుం బోసిపోయిన ఓడని చూసి నా గుండె చెరువైంది. ఈశాన్యం పల్లంగా ఉండాలని ముందువైపు ఎడమ అంచు అరగదీశారు. నీళ్ళ ట్యాంకు అక్కడే పెట్టించారు. హెలికాప్టర్ చప్టా వాయవ్యానికి నెట్టారు, వచ్చిపోయే చుట్టాలు వాయవ్యంలోనే దిగాలట. పూజగది లేదేమని అడిగితే క్షిపణులున్నాయి కదా అన్నాను. అది సమాధానం కాదన్నారు. అగ్గిపెట్టెతో పూజగది వెలిసింది.

మేస్త్రీ రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. మామయ్యగారు జిగురు చేతులతోనే రేపు రమ్మనేవారు. అతను వెళ్ళాక అత్తయ్యగారు మజ్జిగ తెచ్చి నాకు ముందు ఇచ్చేవారు. అంతకుముందు ఎప్పుడూ ఆయనకే ముందు. ఒకసారి ఆవిడ ఓడ మీదికి వంగి, ఇందులో ఎంతమంది ఉంటారని అడిగారు. నిజం ఓడైతే వేలమంది అన్నాను. మరి వంటిల్లేదన్నారు. చూపించాను. ఆ వేలెడు గదిని చూసి "పాపం" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయారు.

అసలు గొడవ నైరుతి దగ్గరొచ్చింది. నైరుతిలో బరువుండాలని ఫిరంగులన్నీ వెనకవైపు కుడిమూలకి చేర్చారు. నాకిక ఆగలేదు. ఇదే సబ్జెక్టు పిల్లలకి చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. బరువంతా ఒక మూల పెడితే ఓడ ఒరుగుతుందని గట్టిగానే అన్నాను.

"నైరుతి బరువుంటేనే నిలబడుద్ది అల్లుడూ."

"ఇల్లు నిలబడుద్ది మామయ్యగారూ. ఓడ మునుగుద్ది."

నన్ను ఎక్కడ చదివావని అడిగారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా ఓడ అడుగు కోసి, ముందువైపు ఎడమ పక్క ట్రాక్టరు నట్లూ బోల్టులూ నింపి, మళ్ళీ అతికించేశాను. అంటే ఈశాన్యంలో దొంగ బరువు పెట్టాను. ఆయన శాస్త్రంలో అంతకన్నా ఘోరం లేదు. మా ఆవిడ చూసి, నాన్నకి తెలిస్తే ముందు మిమ్మల్ని ఈ ఇంట్లోంచి మారుస్తాడు అంది.

ఒకరోజు మామయ్యగారు చేతులు కడుక్కుని, ఓడ పూర్తయిందన్నారు. రంగులు మిగిలాయన్నాను, జెండా మిగిలిందన్నాను. వినలేదు. శుక్రవారం మంచిరోజు, మేస్త్రీని రమ్మన్నానన్నారు. ఆ సాయంత్రం చూస్తే పడకగది మంచం కింద ఉండే ట్రంకుపెట్టె బయటికొచ్చి, దుమ్ము తుడిచి ఉంది. మా ఆవిడ నా వంక చూసింది. ఓడని నీళ్ళలో దించకుండా పూర్తవడమేమిటని అడ్డుపడ్డాను. అది నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. గురువారం పొద్దున ముహూర్తం కుదిరింది.

మాకు సముద్రం దగ్గర్లో లేదు. పెరట్లో బర్రెల తొట్టి ఉంది. దాన్ని కడిగి నింపారు. ఓడకి పసుపూ కుంకుమా పెట్టారు. కొబ్బరికాయ తొట్టి అంచుమీదే కొట్టారు, ఓడమీద కొట్టకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మన పద్ధతి. దీనికి చక్రాల్లేవు. మామయ్యగారు కాస్త ఆలోచించి నిమ్మకాయలు నీళ్ళలో వదిలేశారు. అవి ఓడకి అటూ ఇటూ కాపలా పడవల్లా తేలుతూ నిలబడ్డాయి.

ఓడ నిటారుగా తేలింది. ఒక్క పిసరు ఒరగలేదు.

మామయ్యగారు నైరుతికేసి చెయ్యి చూపించి, నా వంక చూశారు. ట్రాక్టరు నట్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ నా కాలు తొక్కింది. మింగేశాను.

అంతలో చిన్న గాలి వీచింది. ఓడ ముక్కు తూర్పునుంచి మెల్లగా పక్కకి జరిగింది. ఆయన పత్తికట్టెతో సరిచేశారు. మళ్ళీ జరిగింది. ఆయన తొట్టి అటుపక్కకి పరుగెత్తారు. ఈ హడావిడికి కట్టు తెంచుకున్న బర్రె ఒకటి వచ్చి, ఎవరి ముహూర్తంతోనూ పని లేకుండా తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు తాగింది. ఓడ గిర్రున తిరిగింది. ఆగ్నేయంలో ఉన్న వంటిల్లు దక్షిణం దాటింది, నైరుతి దాటింది, పడమర, వాయవ్యం, ఉత్తరం అన్నీ చూసుకుని, సరిగ్గా ఈశాన్యం మూలకొచ్చి ఆగింది. బర్రె ఒక నిమ్మకాయ కూడా నమిలి, మొహం చిట్లించి వెళ్ళిపోయింది.

ఈశాన్యంలో పొయ్యి! ఆయన ఓడ మునుగుతుందని చూస్తూ నిలబడ్డారు. అది మునగలేదు. హాయిగా ఊగుతోంది. చాలాసేపు చూసి, తొట్టి గట్టుమీద కూలబడ్డారు.

"సముద్రంలో గూడా ఇట్టాగే తిరుగుద్దా?" అన్నారు.

తిరక్కపోతే ఓడెందుకండీ అన్నాను.

"మరి వంటవాడు ఏ దిక్కు చూసి వండుతాడు?"

అది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అత్తయ్యగారు అక్కడే అరుగుమీద ఆవకాయకి మామిడికాయ ముక్కలు తుడుస్తున్నారు. తల ఎత్తకుండానే చెప్పారు.

"గిన్నెలోకి చూసి వండుతాడు."

మా ఆవిడకి నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వలేదు, నాకు భయమేసింది. మామయ్యగారు కూడా నవ్వలేదు. ఆవిడ వంక, ఆవిడ చేతుల వంక చూస్తూ ఉండిపోయారు. చివరికి, పొలంలో దారి తప్పినవాడు అడిగినట్టు అడిగారు.

"ఏమే, నీకు వంటిల్లు ఎక్కడుంటే బాగుంటది?"

గుడ్డ ఆగింది. ఆవిడ తలెత్తారు.

"మీ గది."

"నా గదా?"

"రెండు కిటికీలున్నాయి. వేపచెట్టు నీడ పడుద్ది."

ఒక్క గోడ పడకుండా ఆపమని మా ఆవిడ నన్ను ఇంతదూరం తీసుకొస్తే, ఇప్పుడు ఇంటికి నడుంలాంటి నైరుతి గదే పడేట్టుంది. మా ఆవిడ వంక చూస్తే ఆవిడ నావంక చూడటం లేదు, వాళ్ళమ్మనే చూస్తోంది. ఆ ట్రంకుపెట్టెని సాయంత్రానికి మళ్ళీ మంచం కిందికి తోసింది అత్తయ్యగారే.

శుక్రవారం మేస్త్రీ వచ్చాడు. బీరువా, మంచం, ఆయన ఫొటోలు అన్నీ ఆగ్నేయం గదిలోకి చేరాయి. అగ్నిమూలలో పడుకుంటే కోపం పెరుగుద్దని ఆయన సణుగుతూనే ఉన్నారు. గోడకి బెజ్జం కొట్టారు, దుమ్ము లేచింది, నేను తుమ్ముతూ పక్కన నిలబడ్డాను. మేస్త్రీకి ఆ ఇంటి పద్ధతి బాగా అలవాటు. పొయ్యిగట్టు ఏ మూలకి, ఎంత ఎత్తున కట్టమంటారని అలవాటు ప్రకారం మామయ్యగారినే అడిగాడు.

"నన్నడుగుతావేంది? ఆమెనడుగు" అన్నారాయన.

అత్తయ్యగారు చేతులు తుడుచుకుని వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. మేస్త్రీ కాసేపు తాపీ పట్టుకుని నిలబడే విన్నాడు. తర్వాత తాపీ కిందపెట్టి, ఇటుకల మీద కూర్చున్నాడు.