హాల్లో ఇసుక కుప్ప, దాని మీద బెత్లెహేము

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తుండేవి. ఎటు చూసినా దుమ్ము. ఇంటికొస్తే తప్పుతుందా అంటే, మా ఇల్లు రోడ్డు కంటే అన్యాయంగా ఉండేది. సొంత ఇల్లు కొనుక్కుంటే కష్టాలు తీరతాయని నమ్మే వయసు అది. (ఇప్పుడు ఆ వయసులో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నమ్మండి, తప్పులేదు. నమ్మకపోతే ఎవరూ ఇల్లు కొనరు.) నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. సైదాబాద్ చుట్టుపక్కల కిరాయి ఇళ్లు మారి మారి విసిగిపోయి, ఎల్బీ నగర్ దగ్గర ఒక సందులో, లిఫ్టు లేని మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో, మొదటి అంతస్తు ఫ్లాటు కొన్నాం. మేం అంటే నేను, మా ఆవిడ, అయిదేళ్ల మా బుజ్జి.

మాది గుంటూరు వైపు. మా ఇంట్లో క్రిస్మస్ అంటే గుమ్మానికి కాగితపు నక్షత్రం, డబ్బాల నిండా పిండివంటలు, అంతే. మా ఆవిడది నల్గొండ వైపు. వాళ్ల ఇంట్లో ఏసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో కట్టకపోతే పండగ ఊళ్లోకి వచ్చినట్టే కాదు. పెళ్లయిన మొదటి ఏడాది నేను తెలివిగా, "నక్షత్రం ఉంది కదా, చాలదా?" అన్నాను. "నక్షత్రం తొవ్వ చూపెట్టనీకి. తొవ్వ చూపెట్టినంక పోనీకి ఇల్లు ఉండొద్దా?" అంది. ఆ తర్వాత ఈ విషయంలో నేను నోరెత్తింది లేదు. అప్పట్నుంచి రెండూ మా ఇంటి ఆచారాలయ్యాయి. కిరాయి ఇళ్లలో ఫ్రిజ్ మీద అట్టపెట్టెతో పాక కట్టేది. బొమ్మలు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఒక గొర్రెకు చెవి లేదు. నక్షత్రం వెంట ఒంటె మీద వచ్చిన జ్ఞానికి మెడ దగ్గర గమ్ముతో అతుకు వేసి ఉంటుంది, అందుకని ఆయన ఎప్పుడూ బాలయేసు తొట్టి వైపు కాకుండా కిటికీ వైపు చూస్తుంటాడు.

అయితే ఆమెకు ఒక కోరిక మిగిలిపోయింది. చర్చివాళ్లు డిసెంబరులో ఇంటింటికీ తిరిగి పాటలు పాడతారు కదా, ఆ క్యారల్స్ బృందాన్ని మా ఇంటికి పిలవాలని. కిరాయి ఇళ్ల ఓనర్లు గిటారు చూస్తేనే ముఖం మాడ్చుకునేవాళ్లు. కాబట్టి సొంత ఇల్లనగానే, నవంబరులోనే, చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, "గీసారి పండుగకు రెండ్రోజుల ముందు, సాయంత్రం, క్యారల్స్ మా ఇంట్లనే" అని చెప్పేసింది. ఫాదర్‌గారు సంతోషించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ మర్నాడే బాత్‌రూమ్‌లో కుళాయి కారడం మొదలుపెట్టింది.

ప్లంబరు వచ్చి కుళాయి తిప్పితే గోడలో పైపు విరిగింది. పైపు కోసం గోడ పగలగొడితే, నీళ్లు ఎన్నాళ్లనుంచో హాలు కిందికి పోతున్నాయని తేలింది. హాల్లో ఒక్క టైలు లేపి చూద్దామని మేస్త్రీని పిలిచాం. పెద్ద అంబర్‌పేట్ అవతల పల్లెటూరి నుంచి బండి మీద వచ్చేవాడాయన. మా బుజ్జి మొదటిరోజే 'టైల్స్ మామ' అని పేరు పెట్టేసింది. ఆయన సుత్తి కామతో హాలంతా కొట్టుకుంటూ, డాక్టరు వీపు మీద తట్టి విన్నట్టు విని, "సార్, కిందంత బోలుగున్నది. మొత్తం తీసుడే" అన్నాడు.

"ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాను.

"ఎంత సార్, పది రోజులు."

(పది రోజులనేది మేస్త్రీల భాషలో మర్యాదకు అనే మాట. భోజనం చేశారా అని అడగడం లాంటిది.)

డిసెంబరు వచ్చేసరికి మా ఇంట్లో నేల అనేది లేదు. వంటగది పడకగదిలోకి, పడకగది బాల్కనీలోకి మారాయి. పడకగదికి మెట్ల వైపు ఇంకో తలుపు ఉండబట్టి బతికిపోయాం. ఇసుకను కింద పార్కింగులో పోయించుకుందామంటే, పైన మూడో అంతస్తులో ఉండే అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన ఆఫీసరు, మా కోస్తావైపాయనే. మోటారు స్విచ్చు పక్కన రోజుకో నోటీసు అంటించేవారు. "మాస్టారూ, కార్ల టైర్లు ఇసుకలో దిగిపోతే బాధ్యత ఎవరు తీసుకుంటారండీ?" అన్నారు. అందుకని ఇసుక సంచులన్నీ మొదటి అంతస్తుకు మోయించి, హాల్లో ఒక మూల గుట్టగా పోయించాం.

నేను ఆ గుట్టను చూసి, "ఈసారికి క్యారల్స్ వద్దని చెప్పేద్దామా? వచ్చే ఏడాది పెట్టుకుందాం" అన్నాను.

"ఏసయ్య పుట్టిన కాడ టైల్స్ ఉన్నయా?" అంది మా ఆవిడ.

"లేవు. కానీ అక్కడికి నలభై మంది వచ్చి బాత్‌రూమ్ ఎక్కడని అడగలేదు."

ఆమె నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. పైగా ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, కొంగు నడుముకు దోపి, "ఇన్నేండ్లు ఫ్రిజ్ మీద కట్టిన. ఇప్పుడు దేవుడే కొండను తెచ్చి ఇంట్ల పోసిండు" అంది. మర్నాడు నేను క్లాసులు ముగించుకుని వచ్చేసరికి ఇసుక గుట్ట బెత్లెహేము అయిపోయింది. పగిలిన టైలు ముక్కలతో బాట, సిమెంటు సంచి కాగితంతో పాక కప్పు, పైపు ముక్కతో బావి. గుట్ట మీద చెవిలేని గొర్రెతో సహా మంద మొత్తం మేస్తోంది. నేను లెక్కల మాస్టారిని, నాకు అందం త్వరగా కనపడదు. అయినా చెప్పులు విప్పి కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

పొద్దున మేస్త్రీ వచ్చి తట్ట, పార కింద పెట్టి, "గిదేంది మేడమ్, ఇసుకల గొర్లను తోలిన్రు?" అన్నాడు.

"బెత్లెహేము అన్నా. జర అవతలి దిక్కు నుంచి తీస్కో."

"అవతల తీస్తే ఇవతల కూలుతది కదా."

"కూలకుంట తియ్యి. నీకు తెల్వదా?"

ఆ మాటతో ఆయన లొంగిపోయాడు. అప్పట్నుంచి రోజూ పని మొదలుపెట్టే ముందు గొర్రెల కాపరులను రెండు వేళ్లతో పట్టుకుని జాగ్రత్తగా పైకి జరిపేవాడు. గుట్ట తగ్గుతున్నకొద్దీ జ్ఞానుల ప్రయాణం దగ్గరైపోయేది. వాళ్లు పండగకు రెండు వారాల ముందే పాక గుమ్మంలోకి వచ్చేసి నిలబడ్డారు. పెద్ద చిక్కు తర్వాత వచ్చింది. వాళ్ల ఊళ్లో అలవాటట, మా ఆవిడ తడి ఇసుక మీద ఆవాలు చల్లింది. కొన్నాళ్లకు పాక చుట్టూ పచ్చగా మొలకలు లేచాయి. మేస్త్రీ పార ఎత్తి, మళ్లీ దించేశాడు.

"పచ్చగున్నది మేడమ్. దీంట్ల పార పెట్టబుద్ధి గాదు" అన్నాడు.

"ఆవాలే కదా" అన్నాను నేను. ఇద్దరూ నా వంక ఒకేలా చూశారు.

మర్నాడు ఆయన తన ఇంటి దగ్గర మిగిలిన ఇసుకను సంచుల్లో నింపి, బండికి రెండువైపులా కట్టుకుని తెచ్చాడు. "ఈ మూల పండుగైనంక చేస్త. మిగిలిన హాలు మాత్రం పాటలోళ్లు ఒచ్చేనాటికి అద్దం లెక్క చేసి పెడ్త మేడమ్, నాదీ జిమ్మ" అన్నాడు. అన్నట్టే మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా లేవకుండా పనిచేశాడు.

క్యారల్స్ రోజు సాయంత్రం నేను త్వరగా ఇంటికొచ్చాను. మేస్త్రీ గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు. లోపల హాలు నిజంగానే అద్దంలా మెరుస్తోంది. "అయిపోయింది సార్! ఇప్పుడే ఆఖరి టైలు పెట్టిన. రేపు పొద్దుగాల దాక ఎవ్వరూ కాలు పెట్టొద్దు" అన్నాడు.

నేను వాచీ చూసుకున్నాను. అప్పుడే మా ఆవిడ బుజ్జిని దేవదూత వేషంలో తయారుచేయించి చర్చి నుంచి తీసుకొచ్చింది. తెల్ల గౌను, థర్మోకోల్ రెక్కలు.

"అన్నా, పాటలోళ్లు ఇంకో రెండు గంటలల్ల ఒస్తరు!"

మేస్త్రీ ముఖం వాడిపోయింది. "పండుగ ఎల్లుండి కదా మేడమ్? పాటలు పండుగ నాడు కాదా?"

ఇంత కష్టపడిన మనిషిని ఏమనాలో తెలియక నేను, "ఫాదర్‌గారికి ఫోన్ చేసి వచ్చే ఏడాది..." అని మొదలుపెట్టాను. మా ఆవిడ నా మాట వినడం లేదు. గుమ్మంలో నిలబడి, లోపల తడి నేలను ఒకసారి, వెనక మెట్లను ఒకసారి చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నా విద్యార్థుల్లో బాగా చురుకైనవాళ్లు లెక్క చదివి, పెన్ను ముట్టుకోకముందే జవాబు పట్టేసేవాళ్లు. అదే చూపు.

"మెట్ల మీద పాడ్తరు" అంది. "అన్నా, నువ్వు పరేషాన్ గాకు, మంచిగ చేసినవ్. మొఖం కడుక్కో, ఛాయ్ పెడ్త. మీరు పైకి పోయి ప్రెసిడెంటుగారిని అడిగి రండి."

నన్ను! ఆ నోటీసుల మనిషి దగ్గరికి! రెండంతస్తులు ఎక్కేలోపు నాలుగు రకాలుగా వాక్యం కూర్చుకుని, తలుపు తెరవగానే నాలుగూ మరిచిపోయాను. ఆయన కళ్లజోడు మీదుగా చూసి, "మెట్ల మీద పాటలేంటండీ? దారికి అడ్డం కదండీ?" అన్నారు. నేను సరేనని వెనక్కి తిరిగాను కూడా. లోపల్నుంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. "ఏవండీ, పాడనివ్వండి. మోకాళ్లు పట్టేసి నేను కిందికి దిగి ఎన్నాళ్లయిందో. పాటైనా పైకొస్తుంది." ప్రెసిడెంటుగారు కాసేపు గొంతు సవరించుకుని, "ఒక పక్కగా నిలబడమనండి" అన్నారు.

వాళ్లు ఒక పక్కగానే నిలబడ్డారు. కింది గేటు నుంచి రెండో అంతస్తు దాకా, మెట్టుకు ఒకరు చొప్పున. గిటారు కింద, డోలక్ మా గుమ్మం దగ్గర. మా ఆవిడ పడకగదిలో స్టవ్ మీద వేయించిన గులాబీ పువ్వుల పళ్లెం చేతి మీదుగా చేతికి పైకి పోయి, ఖాళీ అయి కిందికి వచ్చింది. పాట మొదలవగానే ఆ ఇరుకు మెట్ల దారిలో గొంతులు గోడలకు తగిలి, కలిసి, పైకి లేచాయి. అన్ని ఫ్లాట్ల తలుపులూ ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. మేమంటే ఎవరో తెలియనివాళ్లు కూడా కుర్చీలు గుమ్మాల్లో వేసుకుని కూర్చున్నారు. పైన ప్రెసిడెంటుగారు రెయిలింగు పట్టుకుని తొంగి చూస్తున్నారు, పక్కన కుర్చీలో వాళ్లావిడ. మా హాల్లో దీపాలన్నీ ఆర్పేసి ఒక్క నక్షత్రమే వెలిగించాం. తడి టైల్స్ మీద ఇంకో నక్షత్రం కనపడుతోంది. దాని అవతల, అందకుండా, పచ్చటి మొలకల మధ్య పాక.

పాట అయిపోయాక బుజ్జి గట్టిగా అడిగింది. "మమ్మీ, పుట్టిండు పుట్టిండు అని పాడుతున్నరు కదా, మరి తొట్టి ఖాళీగ ఉందేంది?"

బాలయేసు బొమ్మను ఇరవై నాలుగో తేదీ రాత్రి దాకా బీరువాలోంచి తియ్యకూడదని మా ఆవిడ పుట్టింటి కట్టడి. ఎన్నేళ్లుగానో తప్పనిది. మెట్ల మీద జనమంతా ఆమె వంక చూశారు. ఆమె ఫాదర్‌గారి వంక చూసింది. ఆయన నవ్వి తలూపారు. "సరే బుజ్జీ, నువ్వే పండుకోబెట్టు" అంది.

మేస్త్రీ ముందుకొచ్చాడు. "గోడ పొంట నిన్నటి వరస గట్టిపడ్డది. దాని మీదికెల్లి పో బిడ్డా. పక్కకు అడుగెయ్యకు."

మా బుజ్జి బొమ్మను రెండు చేతుల్లో పట్టుకుని, ఒక రెక్క గోడకు రాసుకుంటుంటే, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వెళ్లింది. అయిదేళ్ల పిల్ల, పొద్దున పాలగ్లాసు మంచం దాకా ఒలకకుండా తేలేని పిల్ల, ఎక్కడా తడబడకుండా వెళ్లి, వంగి, తొట్టిలో బొమ్మను పెట్టి, పైన ఒక మొలక కప్పింది. చలేస్తుందని కాబోలు.

ఆ దృశ్యం ఫొటో తీయాలనిపించింది నాకు. తండ్రిని కదా. ఫోన్ ఎత్తి, ఇంకాస్త దగ్గరగా, ఇంకాస్త... తాడు దాటిన సంగతి నాకు తెలియదు. నా కుడికాలు నున్నగా, చల్లగా, చీలమండ దాకా కొత్త నేలలోకి జారింది. టైలు ఒక పక్క పడవలా లేచింది.

"సార్!" అన్న మేస్త్రీ కేక మూడో అంతస్తు దాకా వెళ్లింది.

మొదట నవ్వింది పైన ప్రెసిడెంటుగారి భార్య. ఆ నవ్వు మెట్టు మెట్టుకూ కిందికి దిగి, డోలక్ అబ్బాయిని, ఫాదర్‌గారిని పట్టుకుని గేటు దాకా పోయింది. ప్రెసిడెంటుగారు రెయిలింగు మీదికి వంగి, "మాస్టారూ, పార్కింగులో కార్లు దిగిపోతాయనుకున్నానండీ, మీరు దిగిపోతారనుకోలేదు!" అన్నారు. మేస్త్రీ నవ్వుతూనే నా కాలు పట్టి లాగి, అప్పటికప్పుడు టైలు తీసి మళ్లీ పరిచాడు. ఆయన చెయ్యి ఆడుతుండగానే పైనుంచి, "ఇంకో పాట లేదా అమ్మా?" అని ప్రెసిడెంటుగారి భార్య అడిగింది. ఉంది. ఇంకో మూడు ఉన్నాయి.

అందరూ వెళ్లిపోయాక మేం ముగ్గురం మెట్ల మీదే కూర్చుని అన్నం తిన్నాం. "అనుకున్నట్టు కాలేదు గానీ..." అన్నాను. "అనుకున్నట్టు అయితే హాల్ల నలభై మందే కదా పట్టేది" అంది మా ఆవిడ, బుజ్జి రెక్కలు విప్పుతూ.

పండగ రోజు మేస్త్రీ భార్యాపిల్లలతో భోజనానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కాలో మొదట గుర్తుపట్టలేదు. రిపేర్లు మాత్రం ఫిబ్రవరి దాకా సాగాయి.

కాలు దిగబడ్డ ఆ రోజు మాత్రం నాకు తల తీసేసినట్టయింది. నలుగురిలో పరువు పోయిందని, చదువుచెప్పే మనిషినని, చాలాసేపు కాలు కడుక్కుంటూ కూర్చున్నాను. సిమెంటు ఎప్పుడో పోయింది, నేను లేవలేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నాలోని ఆ కుర్రవాడి మీద జాలి, నవ్వు రెండూ వస్తాయి. అప్పుడొక్కసారి తలెత్తి చూసుండాల్సింది, పిచ్చివాడు. కింది గేటు నుంచి పై అంతస్తు దాకా అన్ని ముఖాలు, అంత ప్రేమగా, ఒకేసారి నా వైపు తిరిగింది జీవితంలో ఆ ఒక్క సాయంత్రమే.