లోపల వదిలిన గుడ్డ

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ కత్తెరక్కే. ఇరుకైన దర్జీ కొట్టు, ముందు గాజు తలుపు, లోపల పొడుగాటి బల్ల. బల్ల వెనక ఆమె, కిటికీ పక్కన మిషను దగ్గర ఆమె మొగుడు. కత్తిరించడం, చేతికుట్లు ఆమె పని, మిషను కుట్టు ఆయన పని. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒకసారి ముచ్చటపడి కత్తెర పట్టి, ఎవరిదో ఖరీదైన కోటుగుడ్డలో రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించాడు. ఆ తర్వాత ఆ పెద్ద ఇనుప కత్తెరను ముట్టుకుంటే ఒట్టు. "నాదేముంది, మా ఆవిడ గీసిన గీత దాటను" అని వచ్చినవాళ్ళతో నవ్వుతూ అనేవాడు.

ఆమె కత్తిరించిన బట్టకు ఒక గుణం ఉండేది. కుట్ల లోపల గుడ్డ ధారాళంగా వదిలేది. మనిషి ఒళ్ళు ఎల్లకాలం ఒకేలా ఉండదు, రేపు విప్పి వదులు చేసుకోవడానికి జాగా ఉండాలి అనేది ఆమె లెక్క. ఏ టీచరమ్మో వచ్చి రవిక పట్టడం లేదని మొహం వేలాడేసుకుంటే, "మీరేం లావవలేదమ్మా, ఉతికితే గుడ్డ ముడుచుకుంది" అనేది. అది అబద్ధమని ఆమెకు తెలుసు, టీచరమ్మకూ తెలుసు. ఇద్దరూ హాయిగా నవ్వుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డ కనిపించింది. రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు కూడా తీసేశారు. కరెంటు పెట్టడాలూ అవీ అయ్యాక, ఇంటికి పంపే ముందు ఒక నర్సు వచ్చి పక్కన కూర్చుంది. చేతికి వ్యాయామాలు నేర్పేది ఆవిడే.

"చూడమ్మా, చేతిలో ఊరే నీరు ఆ గ్రంథుల మీదుగానే పోవాలి. ఇప్పుడా దారి ఇరుకైంది, నీరు నిలిస్తే చెయ్యి వాస్తుంది. చేతిని వాడు, వద్దనను, కానీ మధ్యమధ్యలో ఆపు. బరువులు ఒక్కసారిగా ఎత్తకు. సూదులు, ఇంజక్షన్లు ఎడమ చేతికే చెయ్యమని అడుగు. కుట్టేటప్పుడు సూది దిగకుండా వేలికి అంగుస్తాను తొడుక్కో. అయినా గుచ్చుకుందా, వెంటనే సబ్బుతో కడిగి మందు రాయి. ఇక అన్నిటికంటే ముఖ్యం, ఉంగరం గానీ రవిక చెయ్యి గానీ బిగిస్తే ఆ రోజే నా దగ్గరికి రా. మొదట్లో వస్తే అదుపులో పెట్టొచ్చు."

"దర్జీదాన్ని పట్టుకుని బిగుతు గురించి చెప్తావేంటి తల్లీ?" అంది కత్తెరక్క. నర్సు కూడా నవ్వేసింది.

తిరిగి బల్ల దగ్గర నిలబడిన రోజు ఆమె సంతోషం ఇంతా అంతా కాదు. రొమ్ము పోయాక అద్దంలో చూసుకోవడం మానేసింది. కత్తెర మాత్రం గుడ్డలో ఎప్పటిలాగే గీత తప్పకుండా నడిచింది. ఒంట్లో తనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ చెయ్యొక్కటే అనుకుంది. అనుకోవడమే తప్పయిపోయిందేమో. అంత ప్రాణంగా చూసుకునేదానికి ఏదో అవుతోందంటే మనసు ఒప్పుకోదు.

ఒక ఉదయం రవిక తొడుక్కుంటుంటే కుడి జబ్బ దగ్గర పట్టేసింది. ఎడమ చెయ్యి వదులుగానే ఉంది. నర్సు మాట గుర్తు రాకపోలేదు. వెళ్తే ఏమంటారో కూడా తెలుసు, కత్తెర కింద పెట్టమంటారు. "ఉతికితే గుడ్డ ముడుచుకుంది" అని తనకు తనే చెప్పుకుంది. ఉతికితే ఒక్క చెయ్యే ముడుచుకునే గుడ్డ లోకంలో ఎక్కడుంది? మొగుడు దారాలు కొనడానికి వెళ్ళినప్పుడు కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి కాస్త తీసి మళ్ళీ కుట్టింది. రవిక చక్కగా పట్టింది. ఆమె మనసు కుదుటపడింది.

మళ్ళీ బిగిసింది. మళ్ళీ విప్పింది. ఉంగరం గుడ్డకు తగులుకుంటోందని చెప్పి తీసేసి గుండీల డబ్బాలో పడేసింది. సాయంత్రమయ్యేసరికి చెయ్యి నీళ్ళబిందెలా లాగేది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని నిలబడటం మొగుడు చూశాడు.

"చెయ్యి బరువుగా ఉందా?"

"బరువు కత్తెరదండీ, చేతిది కాదు."

అంగుస్తాను ఏదని అడిగితే ఎక్కడో పడిపోయిందంది. నిజానికి అది వేలికి ఎక్కడం మానేసింది. ఒకనాడు కోటు అంచుకు టాకాలు వేస్తుంటే సూది కుడి చేతి వేలిలో దిగింది. దర్జీలందరూ చేసే పనే చేసింది, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, పని సాగించింది. మర్నాటికి చెయ్యంతా ఎర్రగా కాలిపోతోంది. ఒళ్ళు చలితో వణికింది. మొగుడు కొట్టు తలుపు కూడా వెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తించాడు.

ఎడమ చేతికి సెలైను ఎక్కించి మందులు మొదలుపెట్టారు. ఆమె విప్పిన రవికను మడతపెడదామని ఆయన తిరగేశాడు. కుడి చేతి లోపల, పాత కుట్లు ఊడదీసిన సూది బెజ్జాలు వరస పక్కన వరస కనిపించాయి. చివరి కుట్టు గుడ్డ అంచును పట్టీ పట్టనట్టు పట్టుకుని ఉంది. ఇక విప్పడానికి గుడ్డ లేదు. మిషను మీద బతికినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎప్పట్నుంచే?" అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది. "గుడ్డ ముడుచుకుందనుకున్నానండీ."

ఇన్నేళ్ళు నవ్వించిన ఆ మాటకు ఈసారి ఆయన భోరుమన్నాడు. "పక్కనే కూర్చుని కుట్టుకుంటున్నానే! ఒక్కసారి చెయ్యి చూపించమని అడగలేకపోయానే!"

జ్వరం తగ్గాక నర్సు వచ్చింది. ఎందుకు రాలేదని అడగలేదు. బొటనవేలితో చేతిని గట్టిగా నొక్కి చూసింది. "మొదట్లో అయితే నొక్కినచోట గుంట పడుతుంది. ఇప్పుడు గట్టిపడిందమ్మా. పట్టీలు కట్టి కొంత తగ్గిస్తాం. తర్వాత రోజూ బిగుతు తొడుగు వేసుకోవాలి. కానీ మునుపటి చెయ్యి మాత్రం రాదు."

ఇంటికొచ్చిన రోజే ఆమె కొట్టులోకి వెళ్ళి కత్తెర తీసింది. బొటనవేలు కత్తెర కన్నంలో దూరలేదు. పక్కకు తిప్పి చూసింది, కిందికి వంచి చూసింది. కొత్త కత్తెర కొందామని మొగుడు అనబోయి, ఆమె మొహం చూసి కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె ఏడ్చింది. రొమ్ము పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

పట్టీలు కట్టించుకోవడం పూర్తయ్యాక ఆమెకు కొత్త రవిక కావలసి వచ్చింది. పాతవేవీ ఆ చేతికి పట్టడం లేదు. "మీరే కత్తిరించాలి" అంది.

ఆయన టేపు తీసి ఆమె చేతులు కొలిచాడు. ఊరందరినీ కొలిచిన మనిషిని ఎవరూ ఎప్పుడూ కొలవలేదు. టేపు మీద అంకెలు ఆమే తొంగి చూసి చదువుకుంది. రెండు చేతులూ ఒకరివి కానట్టున్నాయి.

"కుడిది ఏదో, ఎడమది ఏదో సుద్దతో గుర్తుపెట్టుకోండి. కోటు సంగతి మర్చిపోయారా?" అంది. ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

ఆమె ఎడమ చేత్తో గీసిన వంకర గీత వెంట ఆయన పెద్ద కత్తెరతో నెమ్మదిగా వెళ్ళాడు. కుడి చెయ్యి దగ్గరికొచ్చి ఆగాడు.

"లోపలికి గుడ్డ ఎంత వదలమంటావు?"

"ఎడమదానికి ఎప్పటిలాగే వదలండి."

"మరి దీనికి?"

"దానికేమీ వదలొద్దు. కుట్టుకు సరిపడా ఉంటే చాలు" అంది కత్తెరక్క. "ఈసారి బిగిస్తే, విప్పడానికి నాకేం దొరక్కూడదు."